భయంతోనే బయలుదేరుదాం



జూబ్లీ బస్ స్టేషన్‌లో కరీంనగర్ వైపు వెళ్ళే బస్సెక్కి, తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం దాటితే హకీంపేట వస్తుంది. ఆ తర్వాత తూంకుంట, శామీర్‌పేట. రాజీవ్ రహదారి మీద రోజూ తిరిగేవాళ్ళకు ఇవి దిగే స్టాపుల పేర్లే. కానీ ఆ కొద్దిపాటి దూరంలో ఏమేమి ఉన్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. హకీంపేటలో వైమానిక దళ శిక్షణ స్థావరం ఉంది. పారిశ్రామిక భద్రతా దళం వారి అకాడమీ ‘నిసా’ ఉంది. మంటల్లోకి వెళ్ళి మనుషుల్ని బయటికి తేవడం నేర్పే అగ్నిమాపక శిక్షణ సంస్థ ఉంది. ఆర్టీసీ శిక్షణ కేంద్రం ఉంది. నాలుగో తరగతి పిల్లల్ని చేర్చుకుని ఆటగాళ్ళుగా తయారుచేసే ప్రభుత్వ క్రీడా పాఠశాల 1993 నుంచి అక్కడే ఉంది. ఇంకాస్త ముందుకు వెళ్తే శామీర్‌పేటలో, రేపు కోర్టులో జడ్జి ముందు నిలబడి వాదించబోయే పిల్లలు చదివే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం.

వేర్వేరు పనులు నేర్పే చోట్లు ఇవి. అయినా వీటన్నిటికీ ఒక పని ఉమ్మడిగా ఉంది. భయపడే మనిషిని లోపలికి తీసుకుని, ఆ భయం ఉండగానే పని చేయడం నేర్పి బయటికి పంపడం. నేను బడిపంతుల్ని. మేడ్చల్ చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో చాలాకాలం పాఠాలు చెప్పాను. ఈ ప్రాంతం నుంచి నేను నేర్చుకున్న అతి పెద్ద పాఠం ఇదే. ధైర్యం కొందరికి పుట్టుకతో వచ్చే సొత్తు అని మనం అనుకుంటాం. ఇక్కడ చూస్తే అది నేర్పితే వచ్చే పని. నేర్పడానికి పద్ధతులు ఉన్నాయి, నేర్పేవాళ్ళు ఉన్నారు, నేర్చుకున్నవాళ్ళు మన మధ్యే ఉన్నారు.

ఇళ్ళలో మనం చేసేది దీనికి తలకిందులు. అన్నం తినని పిల్లవాడికి బూచోణ్ణి చూపిస్తాం. నిద్రపోనివాణ్ణి పోలీసుకు పట్టిస్తామంటాం. వాడు రాత్రి ఉలిక్కిపడి లేస్తే జడుసుకున్నాడని అంత్రం కట్టిస్తాం, దర్గాకు తీసుకెళ్ళి నెమలీకలతో దులిపిస్తాం. ఆ ఓదార్పును నేను తక్కువ చేయను; తల్లి ఒడిలో కూర్చోబెట్టుకుని చేయించే ఏ పనైనా పిల్లవాడికి కొంత ధైర్యమే. బాధ ఏమిటంటే, ఆ తర్వాత వాడు దేనికి జడుసుకున్నాడో ఆ దారి మూసేస్తాం. కుక్కకు భయపడితే ఆ వీధిలోకి పంపం. చీకటికి భయపడితే లైటు ఆర్పం. ఇంగ్లిషు చదవడానికి భయపడితే ‘వాడికి రాదులే, వదిలేయ్’ అంటాం. ప్రేమతోనే చేస్తాం. ఆ ప్రేమ వల్లే భయం ముదురుతుంది.

ఎందుకు ముదురుతుందో కొంచెం చెప్పుకోవాలి. భయం వేసినప్పుడు ఒంట్లో జరిగేది అందరికీ ఒకటే. అడ్రినలిన్ విడుదలవుతుంది. పరిగెత్తడానికో పోరాడటానికో కాళ్ళకూ చేతులకూ నెత్తురు ఎక్కువ అందాలని గుండె వేగం పెంచుతుంది. ఆ సమయానికి అరుగుదల అవసరం లేదు కాబట్టి నోరు ఎండిపోతుంది. అరచేతులకు చెమట పడుతుంది. అప్పుడు మనం అక్కడి నుంచి తప్పుకుంటే వెంటనే ప్రాణం కుదుటపడుతుంది. ఆ హాయి ఉంది చూశారూ, అసలు చిక్కు అక్కడే. తప్పుకున్నాం కాబట్టే బతికాం అని మనసు రాసుకుంటుంది. మర్నాడు అదే చోటు ఇంకొంచెం భయంకరంగా కనిపిస్తుంది. తప్పుకోకుండా కాసేపు అక్కడే నిలబడితే, గుండె దడ ఒక ఎత్తుకు చేరి, తనంతట తానే మెల్లగా దిగుతుంది. ఏ ప్రమాదమూ జరగలేదని మనసు రెండో పాఠం రాసుకుంటుంది. ఈ రెండో పాఠం చెవితో వింటే రాదు. అక్కడ నిలబడ్డవాడికే వస్తుంది.

దీన్ని చూపించే ప్రయోగాన్ని అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త 1924లోనే ప్రచురించింది. పీటర్ అనే సుమారు మూడేళ్ళ పిల్లవాడికి కుందేలంటే హడల్. ఆమె వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెడుతూ, గదిలో దూరంగా బోనులో కుందేలును ఉంచింది. వాడు ఓర్చుకోగలిగినంత దూరంలో మొదలుపెట్టి, మెల్లమెల్లగా దగ్గరికి జరిపింది. కుందేలంటే భయం లేని పిల్లలను కూడా వాడి పక్కన ఆడుకోనిచ్చింది. చివరికి ఆ కుందేలు తన వేళ్ళను కొరుకుతున్నా వాడు చెయ్యి తీయలేదు. తర్వాత 1958లో జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు ఇదే దారిని పెద్దవాళ్ళ వైద్యానికి పద్ధతిగా మలిచాడు. ఇవాళ భయాలకు మానసిక వైద్యులు చేసే చికిత్సకు పునాది ఇదే. దూరం నుంచి మొదలుపెట్టు, మెట్టు మెట్టుగా దగ్గరికి రా, పక్కన ఒక మనిషిని ఉంచుకో, మళ్ళీ మళ్ళీ చెయ్యి.

మన పల్లెల్లో ఏ పుస్తకమూ చదవకుండానే ఇది తెలిసినవాళ్ళు ఉండేవారు. వ్యవసాయ బావుల్లో ఈత నేర్పిన తీరు గుర్తుందా? మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ళలో బోర్లు రాకముందు మోట బావులు ఉండేవి. పిల్లవాడి నడుముకు తాడు కట్టి, ఆ తాడు కొస మేనమామో పెద్దన్నో గట్టు మీద నిలబడి పట్టుకునేవాడు. వీపుకు ఎండిన సొరబుర్రో బెండో కట్టేవారు. మొదట మెట్ల మీద కూర్చుని కాళ్ళాడించడం. తర్వాత మెట్టు పట్టుకుని ఒళ్ళంతా నీళ్ళలో పెట్టడం. తర్వాత తాడు బిగువు మీద తేలడం. ఒక రోజు మామ చెప్పకుండానే తాడు వదులు చేసేవాడు. పిల్లవాడు ఇంకా పట్టుకున్నాడనే అనుకుంటూ బావి ఆ చివరికి ఈదేవాడు. బెండు తీసేసింది ఏ రోజో, తాడు తీసేసింది ఏ రోజో పెద్దయ్యాక ఎవరికీ గుర్తుండదు. తాడు పట్టుకున్న చెయ్యి ఎవరిదో మాత్రం ముసలితనంలోనూ గుర్తుంటుంది.

పిల్లవాణ్ణి నీళ్ళలోకి తోసేస్తే ఈత వచ్చేస్తుందనే మాట కూడా ఊళ్ళలో ఉంది. ఆ మాట నేను ఒప్పుకోను. అలా తోయించుకుని ఈత నేర్చుకున్నవాడు ఒకడు కనిపిస్తే, జన్మంతా నీళ్ళ దగ్గరికి పోనివాళ్ళు నలుగురు ఉంటారు. వాళ్ళ మాట ఎవరూ చెప్పరు.

తాడు, బెండు, గట్టు మీద మామ. ఈ మూడూ వైమానిక దళంలోనూ ఉన్నాయి. మేడ్చల్‌కు పక్కనే ఉన్న దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అనే ముగ్గురు అమ్మాయిలు పట్టా పుచ్చుకున్నారు. భారతదేశంలో యుద్ధ విమానాల విభాగంలోకి వెళ్ళిన మొదటి మహిళలు వాళ్ళే. ఒకరిది మధ్యప్రదేశ్, ఒకరిది బిహార్, ఒకరిది రాజస్థాన్. వాళ్ళు మొదట దుండిగల్‌లో ప్రొపెల్లర్ విమానం మీద నేర్చుకున్నారు. ఆ తర్వాత మన హకీంపేటలో కిరణ్ జెట్ విమానం మీద నేర్చుకున్నారు. అల్వాల్, బొల్లారం డాబాల మీద వడియాలు ఎండబెట్టుకునేవాళ్ళు తల ఎత్తి చూసిన విమానాల్లో, ఆ రోజుల్లో వాళ్ళు నడిపినవీ ఉండే ఉంటాయి. ఆ తర్వాత 2018 ఫిబ్రవరిలో అవని జామ్‌నగర్ నుంచి మిగ్-21ను ఒంటరిగా నడిపింది. అలా నడిపిన మొదటి భారతీయ మహిళ ఆమె.

ఆ ‘ఒంటరిగా’ వెనకాల ఏముందో చూడండి. శిక్షణ విమానంలో రెండు సీట్లు, ఇద్దరికీ చెరో కంట్రోలు. నేర్చుకునేవాడి చెయ్యి తడబడితే గురువు చెయ్యి అందుకుంటుంది. ఇంజిన్ ఆగితే ఏం చేయాలి, నిప్పు అంటుకుంటే ఏం చేయాలి అన్నది నేల మీద సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, నిద్రలో అడిగినా చెప్పేంతగా చేయిస్తారు. ప్రతిదానికీ వరస ఉంటుంది, ఆ వరస నోటికి వచ్చి ఉండాలి. నిజంగా ఆపద వచ్చినప్పుడు భయం వేయకుండా ఉండదు. అప్పుడు మనసు మొద్దుబారినా చెయ్యి మాత్రం తెలిసిన పని చేసుకుపోతుంది. ఒక రోజు గురువు దిగిపోయి, ‘ఇక నువ్వు వెళ్ళు’ అంటాడు. గురువుకు కూడా ఆ రోజు గుండె దడ ఉంటుందని నా నమ్మకం. నేర్పేవాడికి ఎప్పుడు తాడు వదలాలో తెలియడమే అసలు విద్య.

పర్వతారోహకురాలు మాలావత్ పూర్ణ సంగతి మీలో చాలామందికి తెలుసు. ఎప్పుడూ శిఖరం దగ్గర మొదలుపెట్టి చెబుతాం కాబట్టి, నేను కింద నుంచి చెబుతాను. నిజామాబాద్ జిల్లా పాకాల ఆమె ఊరు. తల్లిదండ్రులు గిరిజన వ్యవసాయ కూలీలు. పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటుండగా, అప్పుడు ఆ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పిల్లలకు పర్వతారోహణ నేర్పించే పని మొదలుపెట్టారు. శామీర్‌పేట నుంచి కీసర మీదుగా వెళ్తే ఎంతో దూరం లేని భువనగిరి కొండ వాళ్ళ మొదటి బడి. ఊరి మధ్యలో నున్నగా లేచిన ఏకశిల అది. కోచ్ శేఖర్ బాబు బచ్చినేపల్లి అక్కడ వంద మందికి పైగా పిల్లలకు తాళ్ళు కట్టి ఎక్కించాడు. ఆ రాయిని మొదటిసారి కింద నుంచి చూసినప్పుడు కాళ్ళు వణికాయని పూర్ణ తర్వాత చెప్పుకుంది.

ఆ వందమందిలోంచి 20 మందిని డార్జిలింగ్ హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. అక్కడి నుంచి తొమ్మిది మందిని లద్దాఖ్ చలికి. చివరికి ఇద్దరు, పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. రాయి తర్వాత మంచు, మంచు తర్వాత చలి, చలి తర్వాత ఎత్తు. ఏ మెట్టూ ఎగరేసి దాటలేదు. ఇద్దరూ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయిలందరిలో అతి చిన్నది ఆమే. దారిలో అంతకుముందు ప్రాణాలు పోయినవాళ్ళ దేహాలు కనిపించాయని, అప్పుడు చాలా భయమేసిందని ఆమె దాచుకోకుండా చెప్పింది. 2022లో అమెరికాలోని డెనాలి ఎక్కి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలు పూర్తి చేసింది. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ వణికిన కాళ్ళ సంగతి. శిఖరం మీద తీసుకున్న ఫొటో మన పిల్లలకు చూపిస్తే ‘ఆమె వేరే, మనం వేరే’ అనుకుంటారు. భువనగిరి రాయి కింద వణికిన పిల్ల గురించి చెబితే ‘మనలాంటిదే’ అనుకుంటారు. బడుల్లో నేను ఎప్పుడూ రెండో సంగతే చెప్పాను.

ఇక కొండలూ విమానాలూ వదిలి మన వీధుల్లోకి వద్దాం. అసలు పని ఇక్కడే ఎక్కువ.

మేడ్చల్ చుట్టూ ఎన్ని వెంచర్లు వేశారో మీకు తెలుసు. రాళ్ళు పాతిన ప్లాట్లు, రోడ్లు వేసి ఇళ్ళు లేవని లేఅవుట్లు. ఆదివారం పొద్దున అక్కడికి వెళ్ళి చూడండి. ఆ ఖాళీ రోడ్ల మీద చుట్టుపక్కల కాలనీల ఆడవాళ్ళు స్కూటీ నేర్చుకుంటూ ఉంటారు. మా కాలనీలో నలభై దాటిన ఒకావిడ అలా నేర్చుకుంది. నేర్పింది ఇంటర్ చదివే కూతురు. ‘అమ్మా, బ్రేకు మీద రెండు వేళ్ళు పెట్టుకో, గట్టిగ వట్టకు’ అని ఆ పిల్ల వెనక కూర్చుని చెబుతుంటే, తల్లి బుద్ధిగా తలూపేది. నేనొకసారి అడిగాను, ‘భయమెందుకమ్మా, మెల్లగానే పోతున్నావు గదా’ అని. ఆమె అన్న మాట నా మనసులో ఉండిపోయింది. ‘పడుతనని భయం గాదు సార్. పడితే నవ్వుతరని భయం.’

ఎంత నిజం చెప్పిందో. మన భయాల్లో సగం దెబ్బకు కాదు, నవ్వుకు. ఇంగ్లిషు తప్పు మాట్లాడితే నవ్వుతారు. సభలో నోరు తడబడితే నవ్వుతారు. బ్యాంకులో ఫారం ఎలా నింపాలో అడిగితే నవ్వుతారు. స్కూటీ మీద పడితే మోకాలు చెక్కుకుపోతుంది, నాలుగు రోజుల్లో మానిపోతుంది. నవ్విన నవ్వు ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకే ఖాళీ వెంచర్ రోడ్డు అంత గొప్ప బడి అయింది. అక్కడ చూసేవాడు లేడు. వెంచర్ రోడ్డు నుంచి ఆమె కాలనీ వీధుల్లోకి వచ్చింది, అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డుకు, ఆ తర్వాత మేడ్చల్ కూరగాయల మార్కెట్‌కు. నాగపూర్ హైవే మీద లారీల పక్కన నడపడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. అది తెలివైన నిర్ణయమని నేను అనుకుంటాను.

భయాలన్నిటినీ జయించాలనే మాట నాకు నచ్చదు. ఔటర్ మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేకపోవడానికి కారణం ఉంది. శామీర్‌పేట చెరువు ఎంత అందంగా ఉన్నా లోతు తెలియని నీళ్ళు అవి. సరదాగా దిగి తిరిగిరాని కుర్రాళ్ళ వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అక్కడ సెల్ఫీ కోసం అంచుకు వెళ్ళేవాణ్ణి ధైర్యవంతుడని నేను అనను. ఆ చెరువుకు దగ్గర్లోనే జింకల పార్కు ఉంది. అక్కడి చుక్కల దుప్పులను కాసేపు గమనించండి. మనిషి కొంత దూరంలో ఉన్నంతసేపు మేస్తూనే ఉంటాయి. ఒక గీత దాటగానే తల ఎత్తుతాయి, ఇంకో అడుగు వేస్తే దూకుతాయి. రోజూ మనుషుల్ని చూసే దుప్పికి ఆ గీత దగ్గరగా ఉంటుంది, అడవిలో దుప్పికి చాలా దూరంగా ఉంటుంది. గీత అసలే లేని దుప్పి మాత్రం బతకదు. మనకూ కావలసింది గీతను సరైన చోటికి జరుపుకోవడమే. చెరువు లోతు దగ్గర అది ఉండాల్సిందే. బ్యాంకు కౌంటర్ దగ్గర ఉండకూడదు.

కరోనా రోజుల్లో ఇదే ప్రాంతంలో, భయం ఉండగానే పని చేయడం ఇంకో రూపంలో కనిపించింది. మనమంతా తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు, శామీర్‌పేట అవతల తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ శాస్త్రజ్ఞులు అదే వైరస్‌ను ప్రయోగశాలలో పెంచారు. వాళ్ళ టీకా కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అత్యవసర అనుమతి వచ్చింది. వాళ్ళకు భయం లేక కాదు. వడకట్టని గాలి బయటికి పోని గదులు, ఒంటిని కప్పే దుస్తులు, తలుపు తీయడానికీ వేయడానికీ ఒక వరస. పద్ధతి ఉంటే భయపెట్టేదాని ఎదుట కూర్చుని పని చేయవచ్చు.

ఆడవాళ్ళ ప్రయాణం గురించి ఒక మాట చెప్పాలి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. దాని ఖర్చు మీద, రద్దీ మీద ఎన్నో వాదనలు ఉన్నాయి. అవి వేరే సంగతి. నేను చూసింది ఇది. అంతకుముందు ఎక్కడికి వెళ్ళాలన్నా కొడుకునో భర్తనో వెంటబెట్టుకునే ఆడవాళ్ళు, శామీర్‌పేట స్టాపులో ఒక్కరే నిలబడటం మొదలుపెట్టారు. టికెట్టు డబ్బులు వృథా అవుతాయన్న బెంగ లేకపోయేసరికి, దారి తప్పితే ఇంకో బస్సెక్కి వెనక్కి రావచ్చన్న ధీమా వచ్చింది. తప్పు చేయడానికి ఖర్చు తగ్గితే మనిషి ముందుకు అడుగు వేస్తాడు. బడిలోనూ అంతే, ఇంట్లోనూ అంతే.

బస్సు ఎక్కడం దాటి బస్సు నడిపిన మనిషి కూడా మనకు ఉంది. నల్గొండ ప్రాంతపు గిరిజన తండా నుంచి వచ్చిన వి. సరిత కుటుంబ అవసరం కోసం ఆటో నడిపింది. ఆడపిల్ల నడుపుతోందంటే ఎక్కరని జుట్టు కత్తిరించుకుని, చొక్కా వేసుకుని నడిపింది. 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవర్ అయింది. 2025లో సొంత రాష్ట్రానికి వచ్చి తెలంగాణ ఆర్టీసీ స్టీరింగ్ పట్టుకుంది. ఢిల్లీ ట్రాఫిక్‌లో అన్నేళ్ళు బస్సు నడిపిన మనిషి కూడా ఆటోతోనే మొదలుపెట్టింది. చిన్న బండి నుంచి పెద్ద బండికి, తెలిసిన ఊరి నుంచి తెలియని నగరానికి.

నా తరగతి గది సంగతి కొంచెం చెబుతాను. మేడ్చల్ పారిశ్రామికవాడల్లో పనికి బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మా బడుల్లో చేరేవారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, పుస్తకంలో ఇంకో భాష. లేచి చదవమంటే గొంతు పెగిలేది కాదు. తెలుగు ఇళ్ళ పిల్లలకు ఇంగ్లిషు పాఠం దగ్గర అదే గతి. ‘గట్టిగా చదువు’ అని గద్దిస్తే మరింత ముడుచుకుపోయేవారు. అందుకని ముందు పక్కనున్న స్నేహితుడికి మాత్రమే వినబడేలా చదవమనేవాణ్ణి. ఆ తర్వాత తమ బెంచీకి. ఆ తర్వాత వరసకు. తప్పు చదివితే ఎవరూ నవ్వకూడదన్నది తరగతిలో ఒకే ఒక్క కట్టుబాటు, దాని విషయంలో నేను చాలా కఠినంగా ఉండేవాణ్ణి. సంవత్సరం చివరికి అందరూ అనర్గళంగా మాట్లాడేశారని చెప్పను. కొందరి గొంతు ఇంకా వణికేది. వణుకుతూనే చివరి వాక్యం దాకా చదివేవారు. నాకు అది చాలు.

‘భయం పోయాక చేస్తాను’ అనేవాళ్ళను చూస్తే మన పెద్దల సామెత గుర్తొస్తుంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదట, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదట. భయం పోతే గానీ పని చేయరు, పని చేస్తే గానీ భయం పోదు. ఈ ముడి విప్పాలంటే ఏదో ఒక కొస ముందు పట్టుకోవాలి. భయం కొస మన చేతిలో లేదు. పని కొస ఉంది, అది కూడా చిన్న ముక్కగా. అంతాయిపల్లి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి దరఖాస్తు పట్టుకుని మొదటిసారి వచ్చిన రైతును చూడండి. చెప్పులు బయటే విడవాలా అని అడుగుతాడు. రెండోసారి వచ్చినప్పుడు క్యూ ఎక్కడో అతనికి తెలుసు. మూడోసారి తన ఊరి ఇంకో మనిషిని వెంట తెచ్చి, ‘ఈడ కూసో, పేరు పిలుస్తరు’ అని చెబుతాడు. అతనికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కొన్ని భయాలు ఇలా చిన్న మెట్లతో లొంగవు. ఉన్నట్టుండి ఊపిరాడనట్టు, ప్రాణం పోతున్నట్టు అయ్యే భయం, నెలల తరబడి ఇల్లు కదలనివ్వని భయం, నిద్రనూ తిండినీ తినేసే భయం, ఇవి జబ్బులు. వీటికి మందూ ఉంది, చికిత్సా ఉంది. ‘మనసు గట్టి చేసుకో’ అని చెప్పడం జ్వరం వచ్చినవాణ్ణి చల్లబడమని చెప్పినట్టే. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న టెలి మానస్ అనే ఉచిత సేవ మొదలుపెట్టింది. 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్ళడం పిచ్చికి గుర్తు అనుకునే రోజులు పోవాలి. నేను చెప్పిన అన్ని భయాల్లోకీ, సాయం అడగడానికి ఉన్న భయమే మన ఇళ్ళలో ఎక్కువ ప్రాణాలు తీసుకుంటోందని నా ఆవేదన.

శ్రోతలారా, మీ ఇంట్లో ఎవరు దేనికి భయపడుతున్నారో మీకు తెలుసు. ఏటీఎం కార్డు ఉన్నా ఎప్పుడూ వాడని అత్తగారు ఉండవచ్చు. స్కూటీ నేర్చుకుంటానని అడిగి, ‘ఈ వయసులో ఎందుకు’ అనిపించుకుని ఊరుకున్న అమ్మ ఉండవచ్చు. ఉద్యోగం ఇంటర్వ్యూ అంటే ముందు రోజు రాత్రి నిద్రపోని తమ్ముడు ఉండవచ్చు. వాళ్ళ పని మీరు చేసిపెట్టకండి. అలాగని ఒంటరిగానూ పంపకండి. ఈ ఆదివారం వాళ్ళకు ఒక గంట ఇవ్వండి. ఏటీఎం దాకా వెంట వెళ్ళి, కార్డు వాళ్ళ చేతికే ఇచ్చి, పక్కన నిలబడండి. తప్పు నొక్కితే నవ్వకండి, మళ్ళీ నొక్కమనండి. వచ్చే ఆదివారం ఇంకొంచెం దూరంగా నిలబడండి.